చెయ్యని తప్పును క్షమించారు

ఫోను ఎత్తగానే అవతలి ఆడమనిషి పేరూ ఊరూ చెప్పకుండానే తిట్టడం మొదలుపెట్టింది.

"సిగ్గుందా నీకు? సంసారుల కొంపల్లోకి ఫొటోలు పంపుతావా? మా ఆయనకి అరవై దాటినాయి. మనవలున్నారు. అసలెవరే నువ్వు?"

రూబీ అప్పుడు ఏలూరులో తను పనిచేసే బాలికల హైస్కూలు స్టాఫ్ రూములో కూర్చుని తొమ్మిదో తరగతి ఫిజిక్సు పేపర్లు దిద్దుకుంటోంది. "రాంగ్ నంబరండీ" అని పెట్టేసింది. పెట్టీ పెట్టగానే మళ్ళీ మోగింది. ఈసారి మగ గొంతు.

"మేడం, మీరు పంపిన ఫొటోలు ఓపెన్ అవటం లేదండీ. వాట్సాప్‌లో పెడతారేంటి?" అని ఇకిలించాడు.

రూబీకి ఒళ్ళు మండిపోయింది. ఎవడికీ ఏ ఫొటోలూ పంపలేదు తను. సాయంత్రం దాకా అలాంటి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. కైకలూరు నుంచి ఒకరు, ముదినేపల్లి నుంచి ఒకరు, గుండుగొలను నుంచి ఒకరు. ఆ ఊళ్ళలో ఆమెకి చుట్టాలు లేరు, స్నేహితులు లేరు. చివరికి తమ చర్చి క్వయర్‌లో పాడే విజయకుమారి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "రూబీ గారూ, మీ పేరు మీద నాకో మెయిలు వచ్చిందండి. మీకు చూపిస్తేనే మంచిదనిపించింది" అంది.

ఇంటికొచ్చి తన ఫోనులో చూపించింది. పైన రూబీ పేరు. మెయిలంతా ఇంగ్లీషులో రెండే ముక్కలు: నిన్నటి మన ఫొటోలు ఇవిగో, ఎవరికీ చూపించకండి. దాని కింద తెరవమన్నట్టు ఒక ఫైలు. అన్నిటికన్నా అడుగున, రూబీ తన ప్రతి మెయిలు కిందా పెట్టుకునే ముక్క ఉన్నదున్నట్టుగా ఉంది: పూర్తి పేరు, క్వయర్ లీడర్, చర్చి పేరు, ఫోను నంబరు. ఆ నంబరు పట్టుకునే ఊళ్ళవాళ్ళందరూ ఆమెకి ఫోన్లు చేస్తున్నారు.

రూబీ దాన్ని మొదట్నుంచీ మళ్ళీ చదివింది. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతున్న మనిషి. చర్చి శతాబ్ది పండగకని ఆరు నెలలుగా క్వయర్‌కి పాటలు నేర్పుతున్న మనిషి. పాటల స్వరాలు స్కాన్ చేసి అందరికీ మెయిల్లో పంపడమే తప్ప ఆ మెయిలుతో ఆమెకి వేరే పనే లేదు.

మర్నాడు స్కూల్లో కంప్యూటర్ టీచరు హఫ్సా దగ్గరికి వెళ్ళి కూర్చుంది. హఫ్సా ఆమె మెయిల్లో పంపినవాటిని పైనుంచి కిందిదాకా చూసింది. విజయకుమారి చూపించిన మెయిలు తెప్పించుకుని అది కూడా చూసింది.

"రూబీ గారూ, ఇందులో ఉన్న పేరు ఒక్కటే మీదండి. అడ్రసు మీది కాదు. పేరు మీద వేలు పెట్టి నొక్కండి."

నొక్కింది. రూబీ అన్న పేరు వెనక నుంచి నోరు తిరగని అక్షరాలతో ఏదో పరదేశపు అడ్రసు బయటికొచ్చింది.

"మీ మెయిల్లోకి ఎవరూ రాలేదు. వైరస్ దూరింది వేరేవాళ్ళ కంప్యూటర్లో. వాళ్ళ అడ్రస్ బుక్‌లో మీ పేరుంది. అంతేనండి మీరు చేసిన నేరం" అంది హఫ్సా. "ఇది ఎక్కడ దూరితే అక్కడి పేర్లన్నీ ఊడ్చుకుపోతుంది. పాత ఉత్తరాలు కూడా. ఆ తర్వాత ఆ పేర్లలో ఒకరి ముసుగేసుకుని ఇంకొకరి తలుపు కొడుతుంది. ముక్కూ మొహం తెలియనివాడు కొడితే మనం తియ్యం. ‘నేనే, రూబీని’ అంటే తీస్తాం కదా. తీసి ఆ ఫైలు నొక్కామా, మన ఇంట్లో పేర్లు కూడా పోయినట్టే. అలా ఒకరి నుంచి ఒకరికి."

"మరి ఆ దూరిన కంప్యూటరు ఎవరిది?"

"అది మెయిలు చెప్పదండి. మిమ్మల్నీ, మిమ్మల్ని తిట్టినవాళ్ళనీ ఇద్దర్నీ ఎరిగున్నవాళ్ళెవరో వాళ్ళది."

రూబీకి ప్రాణం లేచొచ్చింది. తప్పు తనది కాదని తెలిసిపోయింది కదా, చెబితే అందరూ వింటారనుకుంది. ఆ శుక్రవారం సాయంత్రం చర్చి కమిటీ ఆమెను పిలిచింది. హఫ్సా చెప్పిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. పేరు మీద నొక్కి ఆ పరదేశపు అడ్రసు చూపించబోయింది. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు గాని ఫోను వంక చూడలేదు. సంఘ కార్యదర్శి నెల్సన్ మాత్రం మెత్తగా నవ్వాడు. చేపల చెరువులకీ రొయ్యల చెరువులకీ మేత సరఫరా చేసే వ్యాపారం ఆయనది. తెల్ల చొక్కా, తెల్ల పాంటు, ఎంతటివారితోనైనా తేనె పూసినట్టు మాట.

"మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు సిస్టర్. కాదనట్లేదు. కానీ నిప్పు లేందే పొగ రాదంటారు కదండీ జనం. పండగ ముందుంది. నాలుగు రోజులు మీరు క్వయర్‌కి దూరంగా ఉంటే సంఘానికి మంచిది. ఏవంటారు పాస్టరుగారూ?"

పాస్టరుగారు అదే మంచిదన్నారు.

ఆదివారం జరిగింది అంతకన్నా ఘోరం. ప్రసంగం అయ్యాక ప్రకటనలు చదువుతూ చదువుతూ పాస్టరుగారు ఆగారు. "ఈ మధ్య మన సహోదరి ఒకామె వల్ల కొంత తొందరపాటు జరిగింది. మనమందరం బలహీనులమే. మన సంఘం ఆమెను ప్రేమతో క్షమించింది. ఇక ఎవరూ ఈ సంగతి మాట్లాడవద్దు" అన్నారు.

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? బెంచీల్లో తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగి రూబీని చూశాయి. కొందరు జాలిగా చూశారు. ఆ జాలి చూపులే ఆమెను ఎక్కువ కాల్చాయి.

ఆమె భర్త ఏసుకుమార్ తాడేపల్లిగూడెంలో రైల్వే గూడ్సు ఆఫీసులో పని చేస్తాడు. గొడవంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. ఇంటికొచ్చాక, అన్నం కలుపుకుంటూ, "పోనీలే రూబీ. క్షమించామన్నారుగా. అయిపోయింది" అన్నాడు.

రూబీ గరిటె గిన్నెలో పడేసింది. "దేనికండీ క్షమించింది? నేనేం చేశానని క్షమించింది? తప్పు చేశావని తిడితే కాదని వాదించుకోవచ్చు. క్షమించేశామంటే నోరెత్తడానికే లేదే! ఇంక నేనేం మాట్లాడినా, క్షమించినా దీనికి బుద్ధి రాలేదంటారు. తిట్టినవాళ్ళే నయం. వాళ్ళకి నిజం తెలీదు. వీళ్ళకి చెప్పాను కదండీ, చూపించబోయాను కదండీ!"

ఏసుకుమార్ కలిపిన అన్నం కలిపినట్టే పెట్టుకుని కూర్చున్నాడు.

"నీ తరఫున నేను లేచి నిలబడాల్సింది" అన్నాడు.

"నిలబడాల్సిందే" అంది రూబీ. ఆ మాటని మెత్తబరచడానికి ఆమె ప్రయత్నించలేదు.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టింది. మొదట ఫోన్ చేసి తిట్టిన ఆవిడ నంబరు వెతికి తనే ఫోన్ చేసింది. "మీరు తిట్టిన రూబీని నేనేనండి. మీ ఇంటికొస్తున్నాను. ఏదన్నా ఉంటే నా మొహం మీదే అడగండి" అంది. అవతలావిడ "రా, చూస్తాను నీ మొహం" అని, కైకలూరు సెంటర్లో తమ మేత కొట్టు గుర్తులు చెప్పింది.

కైకలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది రూబీ. ఏలూరు దాటాక రెండు వైపులా చెరువులే. గట్ల మీద మేత బస్తాలు, నీళ్ళని చిలుకుతూ తిరిగే చక్రాలు, దూరంగా కొల్లేటి మీద గుంపుగా దిగుతున్న కొంగలు. ఆమెకి అవేవీ పట్టలేదు. దారి పొడుగునా చెప్పబోయే మాటలు మనసులోనే తిరగేసుకుంటూ పోయింది.

కొట్లో గల్లా దగ్గర కూర్చున్నావిడ పేరు జ్ఞానప్రసూనాంబ. అరవైకి దగ్గర పడ్డ మనిషి, నుదుట రూపాయంత బొట్టు, ఎత్తయిన గొంతు. భర్త చెరువుల మీద తిరుగుతుంటే కొట్టంతా ఆవిడే చూసుకుంటుంది. రూబీని ఎగాదిగా చూసి, "నువ్వా?" అంది. ఆమె ఎదురుచూసింది ఇలాంటి మనిషిని కాదని ఆ ఒక్క మాటలోనే తెలిసిపోయింది.

"నేనేనండి. మీ ఆయన్ని నేను జన్మలో చూడలేదు. నా పేరు ఎవరో దొంగిలించి మీకు పంపారు."

"దొంగిలించడానికి పేరేవన్నా గొలుసా? నీ నంబరు కూడా ఉంటే నిన్ను కాక ఎవర్ని అడగమంటావ్?"

రూబీ హఫ్సా చెప్పింది చెప్పుకొచ్చింది. ఆవిడ వింటోంది గాని తల అడ్డంగా ఊపుతూనే ఉంది. "ఏమో తల్లీ, నాకవన్నీ తెలీదు. పేరుంటే మనిషి పంపినట్టే లెక్క" అంది. అంటుండగానే రూబీ చేతిలో ఫోను టింగుమంది. రూబీ చూసింది. చూసి, ఫోను ఆవిడ ముందు పెట్టింది.

కొత్త మెయిలు. పైన పేరు జ్ఞానప్రసూనాంబ. ఇంగ్లీషులో రెండు ముక్కలు: మీ ఫొటోలు చూశాను, నావి పంపుతున్నాను. కింద మేత కొట్టు పేరు, కైకలూరు, ఆవిడ ఫోను నంబరు.

రూబీ తెలుగులో చెప్పేసరికి ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నేనిక్కడే ఉన్నాను గదే! నీ ఎదురుగానే ఉన్నాను! నా చేతిలో ఫోను కూడా లేదు!"

"నేను కూడా ఆ రోజు ఇలాగే పేపర్లు దిద్దుకుంటున్నానండి" అంది రూబీ.

జ్ఞానప్రసూనాంబ మొహం కందగడ్డలా అయింది. ఎవరెవరికి వెళ్ళిందో ఆ మెయిలు! వియ్యంకుడికి వెళ్ళిందో, బాంకు మేనేజరుకి వెళ్ళిందో! రెండు నిమిషాలు తిరక్కుండానే కొట్టు ఫోను మోగింది. ఎత్తి, విని, "ఛీ, నేను కాదయ్యా, నన్నెరగవా నువ్వు?" అని కసిరి పెట్టేసింది. తర్వాత రూబీ వంక తిరిగి, గొంతు తగ్గించి, "ఎరిగుండి కూడా అడుగుతున్నాడు చూశావా" అంది. మరి కాసేపటికి, "నిన్ను నేను ఎరక్కుండా అన్నాను. తప్పయిపోయిందమ్మా. కూర్చో" అంది. టీ తెప్పించింది.

టీ తాగుతూ రూబీ అడిగింది. "నేనూ మీరూ ఇద్దరం తెలిసిన మనిషెవరండీ? మెయిళ్ళు రాసుకునేంత పరిచయం ఉన్న మనిషి?"

"మాకు మెయిళ్ళెక్కడివమ్మా. మేత ఆర్డర్లు తప్ప. పొద్దున ఆ ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు కూడా, ఏదో బిల్లనుకుని తెరిస్తే కంప్యూటరు పడకేసిందని గోల. వాళ్ళు కూడా ఆర్డర్లకే వాడతారు. ఏలూరు నుంచి మాకు మేత వేసేదీ, వాళ్ళతో వ్యాపారం చేసేదీ ఒకాయనే. మీవాళ్ళే అనుకుంటాను, చర్చిలో పెద్దాయనే. నెల్సన్ గారని."

రూబీ గ్లాసు కింద పెట్టేసింది.

క్వయర్ పాటలన్నీ ఆమె, సంఘ కార్యదర్శి కదా అని, నెల్సన్‌కి పంపుతూనే ఉంది, ఆరు నెలలుగా.

సంగతంతా విని జ్ఞానప్రసూనాంబ కొట్టు గుమాస్తాకి అప్పజెప్పి, పైట భుజం చుట్టూ తిప్పుకుని బయల్దేరింది. "పద. నేనూ వస్తాను. నీ మొహం చూసి అబద్ధమాడతాడేమో గాని, నా మొహం చూసి ఆడలేడు" అంది.

ఏలూరులో నెల్సన్ ఆఫీసుకి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఇద్దర్నీ జంటగా చూడగానే ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది.

"వందనాలు సిస్టర్. రండి ప్రసూనాంబ గారూ. ఏంటిలా?"

"మీ కంప్యూటర్లో వైరస్ ఉందండీ నెల్సన్ గారూ" అంది రూబీ. "నా పేరు మీ దగ్గర్నుంచే పోయింది."

"అబ్బే, ఇప్పుడేం లేదు సిస్టర్. శుక్రవారం పొద్దున్నే మనిషిని పిలిపించి మొత్తం తుడిచేయించాం కదా" అన్నాడాయన తడుముకోకుండా. అనేశాక గాని ఏమన్నాడో ఆయనకి తెలియలేదు.

రూబీ రోజులు లెక్కేసుకుంది. శుక్రవారం పొద్దున్న కంప్యూటరు బాగు చేయించాడు. శుక్రవారం సాయంత్రం కమిటీలో కూర్చుని నిప్పు లేందే పొగ రాదన్నాడు. ఆదివారం ముందు బెంచీలో కూర్చుని, పాస్టరుగారు రూబీని క్షమిస్తుంటే ఆమెన్ అన్నాడు.

"అంటే తెలిసే అన్నారన్నమాట."

"అది కాదు సిస్టర్. ఏదో బిల్లు పంపినట్టు వచ్చింది, నొక్కాను. అందరికీ జరిగేదే. కానీ పండగ ముందు కార్యదర్శి పేరు బజార్న పడితే బాగుంటుందా? వ్యాపారం కూడా ఉందాయె. మీదంటారా, ఆడవాళ్ళ సంగతి నాలుగు రోజులు మాట్లాడుకుని మర్చిపోతారు. నేనే పాస్టరుగారికి చెప్పి క్షమింపజేశాను కూడా."

"ఓరి నీ ఇల్లు బంగారం గాను!" అంది జ్ఞానప్రసూనాంబ. "నీ పరువు పోకూడదని మా పరువులు పంచిపెట్టావా?"

రూబీ ఆయన బల్ల దగ్గరికి జరిగింది. "మీరు ఆ రోజే ఒక్క మాట చెప్పుంటే ఈవిడ పేరుతో వచ్చింది ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు తెరిచేవాళ్ళు కాదు. మీ కంప్యూటరు తుడిచేసుకున్నారు, బాగానే ఉంది. అందులోంచి పోయిన మా పేర్లు తుడుచుకుపోతాయా? అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయండీ. మీకు తెలిసినవాళ్ళందరికీ ఇవాళే మీ పేరు మీద కబురు పెట్టండి. వైరస్ నా దగ్గర్నుంచి వచ్చింది, ఎవరూ తెరవకండి అని."

"పెడతాను సిస్టర్. నెమ్మదిగా పెడతాను. పండగ కానివ్వండి."

రూబీ లేచి వచ్చేసింది. వారమంతా చూసింది. ఎవరికీ ఏ కబురూ రాలేదు.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని పాస్టరుగారు అడిగే వేళ ఒకటుంటుంది. మామూలుగా జబ్బు నయమైనవాళ్ళో, ఉద్యోగం వచ్చినవాళ్ళో లేస్తారు. ఆ రోజు రూబీ లేచింది. తన ఎదుటి బెంచీ పట్టుకుని నిలబడింది.

"పోయిన ఆదివారం ఈ సంఘం నన్ను క్షమించింది. ఆ క్షమాపణ తిరిగిచ్చేద్దామని లేచానండి. నేను తప్పు చెయ్యలేదు. నా పేరుతో వచ్చిన మెయిలు నేను పంపింది కాదు. అది ఎవరి కంప్యూటర్లోంచి బయల్దేరిందో ఆయనకి తెలుసు. నన్ను కమిటీ ముందు కూర్చోబెట్టిన రోజుకే తెలుసు."

"సిస్టర్, ఇది సమయం కాదమ్మా, కూర్చోండి" అన్నారు పాస్టరుగారు.

"ఆమెను క్షమించడానికి సమయం దొరికింది కదయ్యా, వినడానికి దొరకదా?" అంది కిటికీ పక్క నుంచి ఒక ముసలి గొంతు. రిటైరయిన బైబిలు ఉపదేశకురాలు కృపావరం. చర్చిలో సగం మందికి బాప్తిస్మం నాటి నుంచీ తెలిసిన మనిషి. ఆ మాటతో పాస్టరుగారు ఆగిపోయారు.

అప్పుడు ఏసుకుమార్ లేచాడు. ఏం చెప్పడానికో కాదు. ఊరికే లేచి భార్య పక్కన నిలబడ్డాడు, చేతులు కట్టుకుని.

చుట్టూ గుసగుసలు మొదలై, కమిటీవాళ్ళు కూర్చునే ముందు బెంచీ మీదికి చూపులు చేరుతుంటే, చివరికి నెల్సన్ సగం లేచి, "మా ఆఫీసు కంప్యూటర్లో ఏదో చిన్న ప్రాబ్లం వచ్చిన మాట వాస్తవమేనండి" అన్నాడు.

"ఏదో కాదండి" అంది రూబీ. "పూర్తిగా చెప్పండి."

చెప్పాడు. చొక్కా మెడ సర్దుకుంటూ, ఆగి ఆగి, అంతా చెప్పాడు. శుక్రవారం సంగతి కూడా.

పాస్టరుగారి మొహం పాలిపోయింది. అలవాటు కొద్దీ చేతులెత్తి, "మన సహోదరుణ్ణి కూడా మనం..." అని మొదలుపెట్టి, రూబీ ఇంకా నిలబడే ఉండటం చూసి ఆపేశారు. వేదిక దిగి ఆమె బెంచీ దాకా వచ్చారు. "మీరు చూపించబోతే నేను చూడలేదమ్మా. తప్పు నాది. క్షమించండి" అన్నారు, అందరూ వినేలాగే.

"మీరు అడగడం మంచిదే పాస్టరుగారూ" అంది రూబీ. "నాకు కాస్త టైము కావాలండి."

అలా అనొచ్చని ఆ చర్చిలో అంతకు ముందెవరికీ తెలియదు. కృపావరం ఒక్కతే తలాడించింది.

ఆ సాయంత్రం నెల్సన్ నుంచి అందరికీ కబురు వెళ్ళింది, ఆయన పేరు మీదే. దాన్ని కూడా కొందరు వైరస్ అనుకుని తెరవలేదట. జ్ఞానప్రసూనాంబ ఆ సంగతి ఫోన్లో చెప్పి కడుపుబ్బ నవ్వింది. "ఒప్పుకున్నాడు గదా, ఇంకా అలా ఉన్నావేంటమ్మాయ్?" అని అడిగింది.

"ఇంకా మండుతోందండి" అంది రూబీ.

"మండనీ" అంది ఆవిడ.

క్వయర్ మళ్ళీ చేతికి తీసుకోమని కమిటీ అడిగింది. తీసుకుంది, పాటలంటే ఇష్టం కాబట్టి. కార్యదర్శి పదవి నుంచి నెల్సన్ తప్పుకున్నాడు. తప్పుకుంటూ, ఆరోగ్యం బాగాలేక అని చెప్పుకున్నాడు. ఇక ఆ రోజుల్లో రూబీని తిట్టడానికి ఫోన్ చేసినవాళ్ళు ఎంతమందో లెక్కేలేదు. నిజం తెలిశాక తప్పయిందని చెప్పడానికి చేసినవాళ్ళు మాత్రం ఇద్దరే.